పెకలించిన రోలు

రెబెక్కమ్మ వంటింటి నేలలోంచి రుబ్బురోలు పెకలించిన రోజు తిమోతికి బాగా గుర్తు. అరవై ఒకటో సంవత్సరం మే నెల, బడికి సెలవులిచ్చిన మూడో రోజు. "వచ్చే వారం పోతున్నాం గదా, ఇప్పుడే తీసి పెట్టుకుంటే ఒక పనైపోతుంది" అని ఆమె గునపం ఎరువడిగి తెచ్చి, పొరుగున ఇద్దర్ని సాయం పిలిచి, అత్తగారి కాలం నాటి ఆ రాతిరోలును కదిలించి పెరట్లోకి దొర్లించింది. వంటింట్లో మోకాటి లోతు గుంట మిగిలింది.

ఆ వచ్చే వారం రానే లేదు. జూన్ పోయింది, ఆగస్టు పోయింది, నవంబరు వచ్చింది. రోలు పెరట్లో వానకు నానుతూనే ఉంది. పచ్చడి నూరాలన్నా పిండి రుబ్బాలన్నా రెబెక్కమ్మ నెత్తిన గోనెసంచి కప్పుకుని పెరట్లో కూచోవాల్సిందే. పళ్ళేలూ చెంబులూ మూటల్లో ఉన్నాయి. ఎవరైనా చుట్టాలొస్తే ఒక మూట విప్పడం, వాళ్ళు పోయాక మళ్ళీ కట్టడం. తిమోతి ఆ రోలు గుంటలో ఇప్పటికి మూడుసార్లు కాలు పెట్టాడు. మూడుసార్లూ చెడిపోయిన మోకాలే.

ఇల్లు మారాలన్న తొందరంతా ఆ మోకాలిదే. తిమోతి అల్లూరు మిషను బడిలో అయివారు. ఇల్లేమో ఉప్పుకాలవకు తూర్పున, సముద్రం వైపు, చవిటిపాళెంలో. పొద్దున్నే ఇసకలో నడిచి రేవు చేరడం, పడవలో కాలవ దాటడం, పడమటి గట్టున దిగి మళ్ళీ నడిచి బడి గంట కొట్టేలోగా అందుకోవడం, పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. పోయిన వానాకాలంలో పడవ దిగుతూ జారిపడ్డాడు. వాపు తగ్గింది గానీ కాలికి పట్టు రాలేదు. ఆస్పత్రి డాక్టరమ్మ మోకాలు నొక్కి చూసి, "ఇంకో ఏడాది ఆ ఇసకలో నడిస్తే, ఆ పైన నిన్ను కుర్చీలో మోసుకుపోవాల్సిందే" అని చెప్పింది. బడి మేనేజరు గారు కూడా రెండుసార్లు పిలిచి, మర్యాదగానే, "రాలేకపోతే చెప్పండి తిమోతీ, వేరే ఏర్పాటు చూసుకుంటాం" అన్నారు. ఉద్యోగం నిలవాలంటే కాపురం కాలవ దాటాలి. అల్లూరులో బాడుగ ఇల్లు అడిగితే ముందు "మీరేవిట్లు?" అని కులం అడిగేవాళ్ళు, జవాబు విన్నాక ఇల్లు ఖాళీ లేదనేవాళ్ళు. కాబట్టి కొనుక్కోవాల్సిందే. కొనాలంటే ఉన్నది అమ్మాల్సిందే.

ఆ రెండూ దేవుడే కుదిర్చినట్టు ఒకేసారి కుదిరాయి. బడికి నాలుగిళ్ళ అవతల బట్టల అంగడి కామాక్షయ్య గారి పాత ఇల్లు. ఆయన బజారు వీధిలో మేడ కట్టుకున్నాడు. పాతింట్లో ఆయన మేనత్త పేరమ్మ ఒక్కతే ఉంటున్నది. "నా పిల్లలకు అక్షరాలు దిద్దించిన చెయ్యి, మీకైతే ఇస్తాను. కార్తీకం దాటితే మాత్రం నన్నడగొద్దు. కోట ఊరినుంచి బియ్యం మిల్లాయన బేరానికి మనుషుల్ని పంపుతున్నాడు" అని కామాక్షయ్య బయానా తీసుకున్నాడు. ఇక చవిటిపాళెం ఇంటికి పాళెంలోనే ముత్యాలయ్య దొరికాడు. రెండు పడవలున్న మనిషి. పెళ్ళైన కొడుకును వేరు పెట్టాలని చూస్తున్నాడు. ముత్యాలయ్య రూకలిస్తాడు, అవి తిమోతి కామాక్షయ్యకిస్తాడు, పేరమ్మ మేడకు పోతుంది, తిమోతి అల్లూరు చేరతాడు. చెప్పుకోవడానికి ఎంత సులువు!

పేరమ్మ ఎనభై దాటిన మనిషి. ఎప్పుడు చూసినా అరుగు మీద కాళ్ళు చాపుకుని కూచునేది. తిమోతి బడికి పోతూ నిలబడితే పలకరించేది.

"ఎప్పుడొస్తున్నావు నాయనా?"

"వచ్చే వారం అవ్వా."

"బిరీనా రా. ఆ మేడ మెట్లు ఎక్కడానికి నాకు కాళ్ళుండాలి గదా. నువ్వు తెమిలేలోగా నావి కూడా నీ కాళ్ళట్టా అయితే ఇద్దరం ఈ అరుగు మీదనే కాపురం పెట్టుకోవాల."

పేరమ్మ నవ్వితే తిమోతి కూడా నవ్వేవాడు. జూలై దాటాక ఆ నవ్వు అతనికి రావడం తగ్గింది.

మొదట ముత్యాలయ్య ఆలస్యం చేశాడు. మద్రాసు ఎండుచేపల సేటు సొమ్ము పంపలేదన్నాడు. సొమ్ము వచ్చేసరికి ఆషాఢం. కామాక్షయ్య పంచాంగం మూసి, "శూన్యమాసంలో ఇల్లు చేతులు మారితే ఇచ్చినోడికీ లేదు, పుచ్చుకున్నోడికీ లేదు. ఒక్క నెలే గదా" అన్నాడు. ఆ ఒక్క నెలా తిమోతి ఓర్చుకున్నాడు. మనకు నెలలన్నీ ప్రభువు చేసినవే, వాళ్ళకు కొన్ని మంచివి, కొన్ని కావు. వాళ్ళ నమ్మకం వాళ్ళది అనుకున్నాడు. శ్రావణం రాగానే ముత్యాలయ్యను వెంటబెట్టుకుని, నాయన పెట్టెలోని పాత కాగితం, పన్ను రసీదులూ చంకన పెట్టుకుని, దస్తావేజులు రాసే నరసయ్య దగ్గరికి పోయాడు.

నరసయ్య అల్లూరు రిజిస్ట్రారాఫీసు ఎదుట వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూచునేవాడు. కాగితం విప్పి, పైనుంచి కిందిదాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చాడు.

"ఇది భాగపంపకాల కాగితం అయివారూ. ఇరవై ఒకటో సంవత్సరం. పోలయ్య కొడుకులు మాలకొండయ్య, చిన్నపోలయ్య పంచుకున్నారు. పడమటి దొడ్డి మాలకొండయ్యకు, తూర్పు దొడ్డి చిన్నపోలయ్యకు. బాగుంది. ఈ మాలకొండయ్య ఎవరు?"

"మా నాయన."

"మీ నాయన పేరు సమాధానమని ఇప్పుడే చెప్పినారే?"

"బాప్తిస్మం పుచ్చుకున్నాక సమాధానం. అంతకుముందు మాలకొండయ్య."

నరసయ్య కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశాడు. "సరే. నాకు తెలిసింది. ముత్యాలయ్యకు తెలుసు. ఈ వేపచెట్టుకూ తెలిసిపోయింది. కాగితానికి తెలియాల గదా? పన్ను రసీదులు చూస్తే అన్నీ సమాధానం. మాలకొండయ్య ఆస్తిని సమాధానం కొడుకు అమ్ముతానంటే, నడుమ మెట్టు ఏది?"

"ముత్యాలయ్యా, నువ్వే చెప్పు" అన్నాడు తిమోతి.

ముత్యాలయ్య గొంతుక్కూచుని నేల గీకుతున్నాడు. "నేనెరగనా అయివారూ? చిన్నప్పుడు నాకు పటికబెల్లం పెట్టిన మనిషి. అయితే సగం రూకలు మా బావవి. జువ్వలదిన్నె మనిషి, అన్నీ కాగితం మీద చూపించమంటాడు. రేపు ఎవుడన్నా వొచ్చి, నేను మాలకొండ..." అని నాలిక కరుచుకుని చుట్టూ చూశాడు. "...ఆయన వారసుణ్ణి నేనూ అంటే?"

"నాలిక ఎందుకయ్యా కరుచుకున్నావు?" అన్నాడు నరసయ్య.

"మా పాళెంలో ఆ పేరు పలక్కూడదు సామీ. కట్టుబాటు."

అది ఇరవై మూడో సంవత్సరం నాటి మాట. తిమోతికి అప్పుడు మూడేళ్ళు. నాయన ఉప్పుకాలవ నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుని, సమాధానమై గట్టెక్కాడు. ఆ సాయంత్రం పాళెం పెద్దలు సముద్రం ఒడ్డున చేరి, నీళ్ళలో చెయ్యిపెట్టి ఒట్టేశారు. కులం విడిచినవాడి పేరు ఈ పాళెంలో మళ్ళీ వినపడకూడదు. ఆ ఒట్టు వేసినవాళ్ళలో నాయన సొంత తమ్ముడు చిన్నపోలయ్య ఒకడు. నలభై ఏళ్ళు కావస్తున్నా ఆ కట్టుబాటు చెక్కు చెదరలేదు. పాళెంలో ఉండిన ఇంకో మాలకొండయ్యను చచ్చేదాకా పెద్దాయన అనే పిలిచారు. మాలకొండ తిరునాళ్ళకు పోయొచ్చినా "కొండకు పోయొచ్చినాం" అనేవాళ్ళే తప్ప కొండ పేరెత్తేవాళ్ళు కాదు. నాయన మాత్రం నవ్వి ఊరుకునేవాడు. "నాకు ప్రభువిచ్చిన పేరుంది. పాతది వాళ్ళే ఉంచుకోనీ" అనేవాడు. అలా అంటూనే ఇల్లు మారకుండా, తమ్ముడికి తాటాకు దడి ఇవతల కాపురముండి, నలభై తొమ్మిదిలో కన్నుమూశాడు.

ఇక అక్కణ్ణుంచి తిమోతి తిరుగుడు మొదలైంది. బాప్తిస్మాల పుస్తకం అడిగితే మిషను గుడి అయ్యగారు పాపం వెంటనే బీరువా తెరిచాడు. ముప్పయ్యో సంవత్సరానికి ముందు పుస్తకాలన్నీ నెల్లూరు మిషను బంగళాలో ఉన్నాయని తేలింది. తిమోతి సెలవు పెట్టి నెల్లూరు పోతే, బంగళా గుమాస్తా కూతురి పెళ్ళికి పోయాడు. మళ్ళీ పోతే గుమాస్తా ఉన్నాడు, పుస్తకమూ ఉంది. ఇరవై రెండు సంవత్సరం ఉంది, ఇరవై నాలుగు ఉంది. నడుమ పేజీలు చెదలు తిని జల్లెడ చేశాయి. గుమాస్తా ఆ జల్లెడను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "ఇక్కడ 'నము' అని కనిపిస్తున్నదే, అది మీ నాయన కావచ్చు" అన్నాడు ఆశగా.

కరణం మూడుసార్లు ఊళ్ళో లేడు. నాలుగోసారి దొరికి, "అది మా నాయన కాలం నాటి సంగతి. నేనెట్టా రాసిచ్చేది? చూసినవాళ్ళనెవరినైనా తెచ్చి చెప్పించండి" అన్నాడు. చూసినవాళ్ళు పాళెంలో డజను మందైనా ఉన్నారు. తిమోతి ఒక్కొక్కరి గడపా ఎక్కాడు. "తెలుసు నాయనా, తెలవకేం. ఆ పేరు నోట్లోంచి రావాలంటే ఎట్టా? సముద్రం మీద బతికేవాళ్ళం" అని చేతులు తిప్పేశారు.

ఆలోగా దీపావళి వచ్చింది, కార్తీకం వచ్చింది. కామాక్షయ్య అంగడి ముందు కోట మనిషి కుర్చీ వేసుకుని కూచుని ఉండటం తిమోతి రెండుసార్లు చూశాడు. పేరమ్మ మాత్రం అరుగు మీదనుంచి అదే మాట అడుగుతూనే ఉంది. "ఎప్పుడొస్తున్నావు నాయనా?" అతనికి ఆ వీధిలో నడవడానికే మొహం చెల్లక, చుట్టూ తిరిగి వెనక సందులోంచి బడికి పోవడం మొదలుపెట్టాడు. ఆ చుట్టు కూడా మోకాలి మీదనే పడింది.

ఒక శనివారం పొద్దున ప్రార్థనకు కూచుంటే మాటలు సరిగా రాలేదు. "ప్రభువా, నీ పేరున పేరు మార్చుకున్నందుకా మా నాయన కొడుక్కి ఇల్లు లేకుండా పోయేది?" అని పైకే అనేశాడు. అన్నాక సిగ్గుపడి, "నీ చిత్తం" అని చేర్చాడు.

పెరట్లో పచ్చడి నూరుతున్న రెబెక్కమ్మ ఆ రెండు మాటలూ విన్నది.

"చిత్తం చిత్తమని ఆయన మీదికి తోసి మీరు కూచుంటే ఎట్టా? అడగాల్సిన మనిషిని అడిగినారా?"

"అందర్నీ అడిగినాను."

"దడి అవతలున్న మీ చిన్నాయన్ని?"

"నలభై ఏళ్ళుగా మాతో మాట్లాడని మనిషిని నేను పోయి..."

"మీరు మాట్లాడినారా?" రెబెక్కమ్మ పొత్రం ఆపింది. "రోజూ ఒకే పడవ ఎక్కుతారంట. ఒక్కరోజన్నా బాగున్నావా అన్నారా? నేను ఈ వానలో ఇంకెన్నాళ్ళు నూరాలో అది చెప్పండి చాలు."

తిమోతి లేచి, చొక్కా తొడుక్కుని, దడి చుట్టూ తిరిగి తూర్పు దొడ్లోకి పోయాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ దొడ్లో కాలు పెట్టడం అదే మొదలు. చిన్నపోలయ్యకు డెబ్బై దాటాయి. పెళ్ళాం పోయింది, బిడ్డలు లేరు. తాటాకు పంచలో కూచుని వల బాగుచేస్తున్నాడు.

"చిన్నాయనా."

ముసలాయన తలెత్తి చూశాడు. "ఊ" అన్నాడు. చేతులు ఆగలేదు.

తిమోతి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అంతా చెప్పేశాడు. మోకాలు, బడి, ముత్యాలయ్య, చెదలు, కరణం, కార్తీకం. "ఆ భాగపంపకాల కాగితంలో ఉన్న మీ అన్నా, మా నాయనా ఒకరేనని ఆఫీసులో ఒక్క మాట చెప్పాలి. కాగితంలో నీ గుర్తు కూడా ఉంది. నువ్వు చెప్తే ఇంకెవరూ అక్కర్లేదన్నాడు నరసయ్య."

ముసలాయన వల కింద పెట్టాడు. లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, తిమోతి పక్కనుంచే బయటికి నడిచాడు.

"చిన్నాయనా! ఔననన్నా చెప్పు, కాదనన్నా చెప్పు!"

పలకలేదు. వెనక్కి చూడలేదు. రేవు దారి పట్టాడు. తిమోతికి ఆర్నెల్ల కోపమూ ఒక్కసారిగా నెత్తికెక్కింది. ఇంత అవమానం చేసేవాడు ఇంట్లోనే నోరు తెరిచి ఛీ అనొచ్చు గదా! అక్కడికక్కడే వెనక్కి తిరగాలనిపించింది. తిరిగితే రెబెక్కమ్మకేం చెప్పాలి? ఇసకలో కాలీడ్చుకుంటూ వెంటపడ్డాడు. రేవులో ముసలాయన పడవెక్కి పడమటి మొహం పెట్టుకుని కూచున్నాడు. తిమోతి ఎక్కి ఎదుట కూచున్నాడు.

"శనివారం గదా అయివారూ, బడుందా?" అన్నాడు పడవవాడు.

"నోరు మూసుకుని తొయ్యి" అన్నాడు తిమోతి. పద్దెనిమిదేళ్ళలో పడవవాడు అతని నోట అలాంటి మాట వినలేదు.

పడవ పడమటి గట్టు తాకింది. ముసలాయన ముందు దిగి, వెనక్కి తిరిగి, తిమోతి మోకాలు చూసి చెయ్యి చాచాడు. తిమోతి ఆ చెయ్యి పట్టుకుని దిగాడు.

"ఇప్పుడడుగు" అన్నాడు ముసలాయన.

"ఏమడిగేది?"

"మీ నాయన పేరేందో అడుగు."

తిమోతి ఆయన మొహం చూశాడు. ఎగతాళి కాదు. "మా నాయన పేరేంది చిన్నాయనా?"

"మాలకొండయ్య." అని ఒక క్షణం ఆగి, మళ్ళీ గట్టిగా అన్నాడు. "పోలయ్య పెద్దకొడుకు మాలకొండయ్య. మా అన్న మాలకొండయ్య." పడవవాడు గడ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"మరి... కట్టుబాటు?"

"ఏమని కట్టుబాటు? ఈ పాళెంలో వినపడకూడదని. నీళ్ళల్లో చెయ్యి పెట్టి ఒట్టేసినోణ్ణి, నాకు తెలవదా? పాళేనికి ఎల్ల కాలవ. కాలవ దాటినాక నా నోరు నాది."

"పాళెంలో అందరూ ఎక్కడా పలక్కూడదనుకుంటున్నారే!"

"ఒట్టేసినోళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణి. వీళ్ళంతా విన్నోళ్ళు. విన్నోళ్ళకు భయమెక్కువ."

"ఇన్నేళ్ళు ఒక్కరోజైనా నాతో అనలేదేం?"

"నువ్వడిగితివా?" ముసలాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "పద్దెనిమిదేళ్ళు నా పక్కన కూచుంటివి. గట్టు తగలగానే గొడుగు విప్పుకుని పోతివి. చదువుకున్నోడు, దొరల బడోడు, మాతో ఏం మాట్లాడతాళ్ళే అనుకున్నా. మీ నాయనా అంతే. ఈ గట్టున నిలబడి ఒక్క పిలుపు పిలిచుంటే పలికేవాణ్ణి. ఆయనా పిలవలా, నేనూ పలకలా."

తిమోతికి సంతోషం రావాల్సింది. రాలేదు. నెల్లూరు బస్సు, చెదలు తిన్న పుస్తకం, వెనక సందులోని దొంగనడక, అన్నీ గుర్తొచ్చాయి. దడి ఇవతలినుంచి ఒక్క కేక వేసి, కాలవ దాకా నాలుగడుగులు కలిసి నడిస్తే శ్రావణంలోనే తేలిపోయే పని!

సోమవారం పోదామంటే వాన పట్టుకుంది. కాలవ పొంగి మూడు రోజులు పడవ లేదు. తర్వాతి సోమవారం అందరూ ఆఫీసు చేరారు. అక్కడి గుమాస్తా అడిగినప్పుడల్లా చిన్నపోలయ్య అన్న పేరు ఎలుగెత్తి చెప్పాడు.

"నెమ్మదిగా చెప్పు తాతా, మాకు చెవుడు లేదు."

"నలభై ఏళ్ళది లోపల పేరుకుపోయుంది సామీ. మెల్లిగా రమ్మంటే రాదు."

వేలిముద్ర వేసేటప్పుడు అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నట్టు కనిపించినవాడు ముత్యాలయ్య. "అయితే నేను అల్లూరులో కూడా కొండకు పోయొచ్చినా, కొండకు పోయొచ్చినా అని ఇన్నేళ్ళు ఎందుకన్నట్టు?" అని నరసయ్యను అడిగాడు. నరసయ్య తమలపాకు నమలడం ఆపలేదు.

చవిటిపాళెం ఇల్లు ముత్యాలయ్యదైంది. తిమోతి అట్నుంచటే కామాక్షయ్య అంగడికి పోయి సొమ్ము చూపించాడు. కార్తీకం దాటడానికి ఇంకా పన్నెండు రోజులుంది. కామాక్షయ్య పంచాంగం తీశాడు. "రేపు వద్దు. ఎల్లుండి అసలే వద్దు. గురువారం దివ్యంగా ఉంది. తొమ్మిదికల్లా రండి. అత్తను కూడా ఆ పొద్దుటే మేడకు తీసుకుపోతాం."

అరుగు మీద పేరమ్మ తిమోతిని చూసి చెయ్యి ఊపింది. ఈసారి ముందు వీధిలోనే పోయాడు.

"గురువారం అవ్వా!"

"నిజంగానే?"

"నిజంగానే."

"అయితే ఈ అరుగు చల్లదనం నీకు రాసిచ్చేసినట్టే" అన్నది పేరమ్మ.

గురువారం తొమ్మిదికి తిమోతి పోయేసరికి అరుగు నిండా చెప్పులు. పేరమ్మ తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. కామాక్షయ్య తల మీద తడి తువ్వాలుతో బయటికొచ్చాడు. తిమోతి అతని చెయ్యి పట్టుకున్నాడు. లోపల్లోపల ఆ ముసలామె కోసం ఒక మాట ప్రార్థించుకున్నాడు. ఏ దేవుడి దగ్గరికి పోయిందో, అక్కడా ఒక అరుగు చూపించు తండ్రీ అని.

పదో రోజు అయ్యాక కామాక్షయ్యే పాతింటికి రమ్మని కబురు పెట్టాడు.

"ధనిష్ఠలో పోయింది అయివారూ. ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలన్నాడు పురోహితుడు. తాళం వేసి, దీపం లేకుండా."

తిమోతి గొంతు పెరిగింది. "మాకు నక్షత్రాల పట్టింపు లేదు కామాక్షయ్య గారూ! ఈరోజే రాసియ్యండి. దోషమేదన్నా ఉంటే మా మీద పడనీండి."

"మీకు లేదు, నిజమే. అమ్మేవాణ్ణి నేను గదా? రేపు ఆ ఇంట్లో మీకేదన్నా అయితే నేను అన్నం తినగలనా?" కామాక్షయ్య తాళం వంక చూశాడు. "ఆషాఢమని నేను ఆపకపోతే అత్త కొత్తింట్లో పోయుండేది. ఆపైన మీ కాగితం ఆపింది. ఎవర్నని ఏం లాభం? ఇల్లు మీకే. కోటాయన సంగతి విని నిన్ననే వద్దన్నాడు. ఊరికే ఇచ్చినా వద్దంటాడు. వైశాఖంలో తాళం తీసి మీ చేతికే ఇస్తాను."

బడి గంట కొట్టారు. తాళం వేసిన ఇంటినుంచి బడికి నూటయాభై అడుగులు. తిమోతి ఆ అడుగులు నడుస్తూ, నక్షత్రాన్ని చూసి నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేకపోయాడు. మునిగి కడిగేసుకున్నామనుకున్న పేరు లేకుండా నా ఇల్లే అమ్మలేకపోయాను, వాళ్ళ నక్షత్రాన్ని తప్పుపట్టడానికి నేనెవణ్ణి అనుకున్నాడు. అయినా కోపం పోలేదు. పిల్లలకు ఆ రోజు ఎక్కాలు రెండుసార్లు ఎక్కువ చెప్పించాడు.

సోమవారం ముత్యాలయ్య కొడుకూ కోడలూ ఆ ఇంట్లో పాలు పొంగించుకోవాలి. ఆదివారం సాయంత్రం రెబెక్కమ్మ మూటల నడుమ కూచుని ఉంది. ఆమె ఏడవలేదు. "ఆర్నెల్లు ఎక్కడుందాం, చెట్టు కిందనా?" అని మాత్రం అడిగింది.

దడి కదిలింది. చిన్నపోలయ్య తాటాకులు చేత్తో విరిచి, మనిషి పట్టేంత సందు చేసి, తల లోపల పెట్టాడు.

"మూడు గదులున్నాయి. ఒకదాంట్లో వలలున్నాయి, తీసేస్తా."

"మీ ఇంట్లో మమ్మల్ని..." అన్నాడు తిమోతి. "కట్టుబాటు?"

"పేరు పలకొద్దన్నారు. ఇంట్లోకి రావొద్దని ఎవురన్నారు? మీ నాయనే రాలా." ముసలాయన పెరట్లోకి వచ్చి రోలు పట్టుకుని కదిపి చూశాడు. "ఇది మాయమ్మది. దీన్ని వానలో పెట్టినారా? ఏం మనుషులు!"

ముగ్గురూ కలిసి దాన్ని దడి సందులోంచి దొర్లించారు. ముసలాయన తన వంటింట్లో గునపంతో నేల తవ్వడం మొదలుపెట్టాడు.

"లోతుగా వద్దు మామా. మళ్ళీ మే నెలలో పెకలించాల గదా" అన్నది రెబెక్కమ్మ.

"పైపైన పెడితే రుబ్బేటప్పుడు కదలదా?" అని ఆయన మోకాటి లోతు తవ్వాడు.

మర్నాటినుంచి తిమోతీ ముసలాయనా కలిసి రేవుకు నడిచారు. పడవ పడమటి గట్టు తగలగానే చిన్నపోలయ్య చెయ్యి అందించేవాడు, నోరు విప్పేవాడు. మాలకొండయ్య పదేళ్ళప్పుడు సొరచేప పిల్లను ఇంట్లో పెంచుతానని తెచ్చిన కథ, మాలకొండయ్య పెళ్ళిలో తప్పిపోయిన కథ, బడి గుమ్మం దాకా అవే. సాయంత్రం తిరుగు పడవలో కూడా చెప్తూనే ఉండేవాడు. తూర్పు గట్టు తగిలేసరికి, మాట ఎక్కడుంటే అక్కడ ఆపేవాడు.

"అయితే ఆ సొరచేప ఏమైంది చిన్నాయనా?" అన్నాడు తిమోతి, ఇసకలో కుంటుతూ.

ముసలాయన వేలెత్తి వెనక కాలవ చూపించి, ముందు నడిచాడు.

ఇదొక ఆలస్యం నా ప్రాణానికి అనుకున్నాడు తిమోతి.